ఎవరిదో తెలియని లిఫాఫా

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ పక్క కూలీల లైన్లలో ఉండేది సాయవ్వ. భర్త ఆశన్న చెరుకు కాటా దగ్గర పనివాడు. వారానికి పన్నెండు రూపాయలు ఖాకీ కాగితపు లిఫాఫాలో తెచ్చేవాడు. డబ్బు తీశాక ఆ లిఫాఫాలను ఆమె పారేసేది కాదు.

ప్రతి శనివారం సాయంత్రం చాప మీద నాలుగు పరిచేది. ఆమెకు చదువు రాదు. అందుకని బియ్యానికి పసుపు చుక్క, కిరసనాయిలుకు మసి గీత, ఉప్పుపప్పులకు కుంకుమ బొట్టు. నాలుగోది ఖాళీ ఆకాశంలా ఉండేది, దాని మీద ఏ గుర్తూ లేదు. అది మోర్తాడ్‌లో ఉన్న చెల్లెలు ముత్తవ్వ కోసం. ముత్తవ్వకు తొలికాన్పు దగ్గరపడింది. తల్లి లేదు. అక్కే వెళ్ళాలి. పోను రాను బస్సుకు మూడు రూపాయలు. వారానికి ఎనిమిది అణాలు వేస్తే ఆరు వారాలకు సరిపోతుంది.

పాత అణాలు పోయి, రూపాయికి నూరు కొత్త పైసలు వచ్చిన ఏడాది అది. బియ్యానికి ఎనిమిది రూపాయలు విడిగా పెట్టి, మిగిలిన నాలుగింటినీ కిరాణా దుకాణం లింబయ్య దగ్గర చిల్లర మార్చుకునేది. ఒక్క అణాకు ఆరు కొత్త పైసలని అతనే చెప్పాడు. మొదటి శనివారం సాయవ్వ ఆరేసి పైసల కుప్పలు పోసింది. పదహారు కుప్పలైతే రూపాయి. కుప్పలు అయిపోయాయి, పైసలు అయిపోలేదు. రూపాయికి నాలుగు చొప్పున పదహారు పైసలు చాప మీద మెరుస్తూ మిగిలాయి.

లింబయ్య లెక్క తప్పి ఎక్కువ ఇచ్చాడనుకుంది. తిరిగి ఇస్తానంటే ఆశన్న నవ్వాడు. "ఇన్నేండ్లు తరాజుల తూకం కొట్టి తిన్నది కక్కుతున్నడు. ఊకో."

ఊరుకుంది గానీ ఆ పైసలు ముట్టలేదు. అయిదో లిఫాఫాలో వేసి గూట్లో పెట్టింది. మరుసటి శనివారం కూడా పదహారు మిగిలాయి. వింత ఏమిటంటే, వారం మధ్యలో పావలా పప్పుకు నాలుగు కుప్పలు ఇస్తే అదే లింబయ్య ఇంకో పైస అడిగేవాడు. శనివారం ఎక్కువిచ్చే మనిషి మంగళవారం ఎక్కువ అడుగుతాడేమిటి? ప్రతి పావలా బేరానికీ ఇదే తంతు. వారానికి అలా పద్నాలుగు పైసలు చెల్లెలి లిఫాఫాలోంచి తీసేది. రాత్రి కళ్ళు మూస్తే పైసలు చేపపిల్లల్లా ఒక కుప్పలోంచి ఇంకో కుప్పలోకి జారుతున్నట్టుండేది.

ఆరో వారం చివర్లో ముత్తవ్వకు నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. లిఫాఫా విప్పితే రెండు రూపాయల నాలుగు పైసలే ఉన్నాయి. ఆశన్న పనిలో ఉన్నాడు. బస్సుకు ఎక్కువ సేపు లేదు. సాయవ్వ రెండు లిఫాఫాలూ పట్టుకుని దుకాణానికి పరుగెత్తింది. అయిదోదాన్ని లింబయ్య ముందు పెట్టింది.

"గిది నీది, లింబన్నా. తీసుకో. తీసుకొని మల్ల నాకే అప్పియ్యి."

అతను విప్పి లెక్కపెట్టాడు. తొంభై ఆరు పైసలు. ఎక్కడివని అడిగి, ఆమె చెప్పిందంతా విని, తల పట్టుకున్నాడు.

"ఇవి నీయే, సాయవ్వా. పావలాకు ఇరవై ఐదు పైసలు."

"అణాకు ఆరే అంటివి గద."

"ఒక్క అణాకు ఆరే."

"నాలుగారులు ఇరవై నాలుగే గద. ఇంకొక్కటి ఎక్కడికెల్లి వచ్చింది?"

లింబయ్య వేళ్ళు మడిచాడు, విప్పాడు, తరాజు వంక చూశాడు. సర్కారు పెట్టిందన్నాడు చివరికి. సాయవ్వకు నిజాం నాటి హాలి సిక్కా రూపాయి గుర్తొచ్చింది. అది పోయేటప్పుడు ఏడు రూపాయలకు ఆరే చేతికొచ్చాయి.

"అప్పుడు ఒకటి గుంజుకున్న సర్కారు, ఇప్పుడు ఊకెనే ఒకటి ఇస్తదా?"

"నువ్వు ఇవి పట్టుకొని ముందు బస్సెక్కు, తల్లీ."

బస్సులో ఒడిలో మళ్ళీ కుప్పలు పోసింది. పోయే చార్జీ రూపాయిన్నరకు ఇరవై నాలుగు కుప్పలు ఇస్తే కండక్టరు ఇంకో ఆరు పైసలు అడిగాడు. తిరిగి వచ్చే చార్జీకి ఒడిలో మిగిలినవి సరిగ్గా సరిపోతాయని ఆమెకు తెలియదు. కిటికీ బయట చెరుకు తోటలు వెనక్కి పోతున్నాయి. ఎవరి సొమ్ము మీద ప్రయాణం చేస్తున్నదో అంతుపట్టలేదు.

మోర్తాడ్ చేరేసరికి బిడ్డ ఇంకా పుట్టలేదు. ముత్తవ్వ చెమట పట్టిన చేత్తో అక్క మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"పైసలు కూడినయా, అక్కా? ఎట్ల వస్తివి?"

"కూడినయి," అంది సాయవ్వ, ఆమె నుదురు తుడుస్తూ. "ఎట్ల కూడినయో నాకు తెల్వదు."