బెంచీలో రెండో సగం

ఊళ్లో ప్రధాన వీధికి కొత్త రూపం గీసినాయన్ని దుకాణాలవాళ్లు ప్లాను సారంటారు. తన బొమ్మల్లో చీమంత మనుషుల్ని ఆయన ఎప్పుడూ జంటగానే పెడతాడు: చెయ్యి పట్టుకున్న తల్లీబిడ్డా, పక్కపక్కన సైకిళ్లు తొక్కే స్నేహితులు, బెంచీ మీద ఇద్దరు. ఒంటరి మనిషిని పెడితే వీధి బావురుమంటుందట. "కార్లు ఆపుకునే చోట బెంచీ ఏంటి సార్? నా బేరం ఏం కావాలి?" అని చెప్పుల కొట్టాయన ఎంత గొడవపడ్డా, "ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవాలి కదండీ" అని సారు పట్టు విడవలేదు.

ఇప్పుడు బెంచీ వేశాక, రోజూ ఆఫీసు వదలగానే సారే దానికి ఓ చివర ఒదిగి కూర్చుంటాడు. రెండో సగంలో టిఫిన్ బాక్సు సంచీ పెడతాడు. నిన్న సాయంత్రం చెప్పుల కొట్టాయన రెండు గ్లాసుల టీతో వచ్చి, సంచీని చూసి ఆగాడు.

"ఎవరైనా వస్తున్నారా సార్?"

సారు చెయ్యి సంచీ మీదికి వెళ్లింది గానీ దాన్ని తీయలేదు. "ఆ... వస్తున్నారండీ."

"అయితే నా గ్లాసు వాళ్లకుంచండి." రెండు గ్లాసులూ అక్కడే పెట్టేసి వెళ్లాడు. షట్టరు దించాక గ్లాసుల కోసం వచ్చాడు. ఒకటి నిండుగానే ఉంది, మీద మీగడ కట్టింది.

"ట్రాఫిక్‌లో ఇరుక్కున్నట్టున్నారు," అన్నాడు సారు.

చెప్పుల కొట్టాయన వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. ఒక్క సైకిలు తీరిగ్గా పోతోంది.

"అవును సార్," అన్నాడు. "బాగా రద్దీగా ఉంది."