చమ్కీలో పాదం

చార్మినార్ దగ్గర మా అమ్మాయికి లక్క గాజులు కొని ఇంటికొచ్చి చూసుకుంటే అరచేతి నిండా చమ్కీ. ఎంత కడిగినా వదలదు. ఆ మెరుపు కంటబడితే చాలు, నాకు సత్తయ్య గారి కేకలు వినిపిస్తాయి. వేలిముద్రల విభాగంలో ఇన్‌స్పెక్టర్ ఆయన. హత్య జరిగిన ఇంట్లో అడుగుపెట్టగానే ముందు బతికున్నవాళ్ల మీద విరుచుకుపడేవారు. "గిదేమన్న పెండ్లి ఇల్లా? అందరొచ్చి కూసున్నరు!"

తొంభైల నడుమ, తెనాలి నుంచి వచ్చిన కొత్త ఎస్సైని నేను. యాకుత్‌పురాలో ఒక గాజుల వ్యాపారిని ఆయన ఇంట్లోనే ఎవరో కొట్టి చంపారు. ముందు వెళ్లింది నేనే. పెనుగులాటలో చమ్కీ డబ్బా ఒలికి నేలంతా వెండిపొడి పరుచుకుంది. అందులో, పెరటి తలుపు వైపు, చెప్పుల్లేని పాదం ముద్ర ఒక్కటి. సత్తయ్య గారికి చూపించాలనుకున్నాను. ఈలోగా బస్తీ పెద్దలు వచ్చారు. గుమ్మంలో ఆపాల్సింది పోయి కుర్చీలు వేయించాను. "మస్తు ఉక్కపోస్తుంది సాబ్, జర పంఖా వెయ్యుర్రి," అన్నారొకరు. మర్యాదకు పోయి స్విచ్ నొక్కాను.

సత్తయ్య గారు వచ్చేసరికి చమ్కీ పెద్దల భుజాల మీద, నా ఖాకీ మీద, పోయిన మనిషి కనురెప్పల మీద మెరుస్తోంది. నేల మీద ముద్ర లేదు.

"పంఖా ఎవలు వేసిన్రు?"

"నేను వచ్చేటప్పటికే తిరుగుతోందండీ," అన్నాను. పెద్దలు గోడల వైపు చూశారు.

ఆయన స్విచ్ మీద పొడి చల్లి ముద్ర ఎత్తారు. గదిలో ఉన్న అందరి వేళ్లూ సిరాలో అద్దించి, ఆఖరున నా చెయ్యి పట్టుకున్నారు. భూతద్దం పక్కన పెట్టి తల పట్టుకున్నారు. "సంపినోడు దొరకలే గానీ నువ్వైతే దొరికినవ్, ఎస్సై సాబ్! నీ అసుంటోళ్లతోని ఎట్ల ఏగాలయ్యా?" అప్పుడు పాదం ముద్ర సంగతీ చెప్పేశాను.

ఆ సాయంత్రం యాదగిరిని పట్టుకొచ్చారు. ఆ వ్యాపారి దగ్గర పనివాడు. ముందురోజే యజమానితో లొల్లి పెట్టుకున్నాడట. అతని భార్య స్టేషన్ వరండాలో కూర్చుంది. "ముద్ర ఎట్ల పోయిందో ఆమెకు నువ్వే చెప్పు," అని సత్తయ్య గారు నన్ను తోసుకొచ్చారు. చెప్పాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు.

"మా ఆయనకు ఎడమకాలికి రెండు వేళ్లు లెవ్వు సారూ. చిన్నగున్నప్పుడు రైలు కింద పోయినయ్. మీరు చూసిన పాదానికి వేళ్లెన్ని ఉండె?"

ఐదు అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. తెలిసి కాదు, ఆమె ముఖం చూసి. వెనక నుంచి సత్తయ్య గారు విసుగ్గా, మెల్లగా అన్నారు: "చూసిందే చెప్పు. ఒక్క అబద్ధం చాలదా?"

"చూశాను గానీ గమనించలేదమ్మా. ఎడమకాలో కుడికాలో కూడా చెప్పలేను," అన్నాను.

జరిగింది జరిగినట్టు కోర్టులో నాతోనే చెప్పించారాయన. చాలాకాలం జైల్లో ఉన్నాక, సాక్ష్యం చాలక యాదగిరిని వదిలేశారు. నిర్దోషి అని మాత్రం బస్తీలో ఎవరూ అనలేదు. మళ్లీ పనికి పిలవనూ లేదు. సత్తయ్య గారు పోయి చాలాకాలమైంది. ఇప్పటికీ కళ్లు మూసుకుని ఆ పాదాన్ని వెతుకుతాను. మడమ కనిపిస్తుంది, అరికాలి వంపు కనిపిస్తుంది. వేళ్లు మాత్రం ఒకనాడు ఐదు, ఒకనాడు మూడు.