రిమ్ మీద పేరు ఎటువైపు ఉండాలి

2019 మార్చి 14, గురువారం మధ్యాహ్నం. స్థలం: అల్ఫారెట్టా ఊరి దగ్గర మా సైకిళ్ల కంపెనీ టెస్ట్ ల్యాబ్. హాజరైనవారు: డైరెక్టర్ హెలెన్, చక్రాల డిజైనర్ మాధవి, స్పోకులు బిగించి చక్రాలు అల్లే వాల్టర్, మార్కెటింగ్ నుంచి ప్రసాద్, ల్యాబ్ బాధ్యుడిగా నేను, మూర్తి.

ఆ రోజు డైరీ ఇలా మొదలవుతుంది. మా పని ఒక్కటే, కొత్త మౌంటెన్ బైక్‌కి రిమ్ ఖాయం చేయడం.

పాత సైకిళ్లలో బ్రేకు రబ్బర్లు రిమ్ అంచునే పట్టుకునేవి. అందుకని అంచు మందంగా, నున్నగా ఉండాలి. బురదలో తిరిగితే అరిగిపోయేది. డిస్క్ బ్రేకు వచ్చాక ఆ రాపిడి చక్రం నడుమ హబ్‌కి బిగించిన ఉక్కు పళ్లేనికి మారింది. ఇక రిమ్‌కి బ్రేకుతో సంబంధమే లేదని, తేలికైనది చూసి కొనేస్తే చాలని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. పళ్లేన్ని పట్టి ఆపిన బలమంతా హబ్ నుంచి స్పోకుల మీదుగానే రిమ్‌కి, టైరుకి చేరాలి. కనుక స్పోకులు రెండు వైపులా వీలైనంత సమానంగా బిగిసి ఉండాలి.

చిక్కు అక్కడే. ముందు చక్రంలో పళ్లెం ఎడమవైపు ఉంటుంది. దానికి చోటివ్వడానికి ఎడమ స్పోకులు హబ్ మధ్యకు జరగాలి. అప్పుడు అవి నిటారుగా నిలబడి బిర్రుగా బిగుస్తాయి, కుడివైపువి వదులవుతాయి. వెనక చక్రంలో గేర్ల పళ్లచక్రాలు కుడివైపున ఇంకా ఎక్కువ చోటు తీసుకుంటాయి కాబట్టి అక్కడ దీనికి తలకిందులు.

మాధవి దీనికి విరుగుడుగా, స్పోకుల రంధ్రాలు నడిమధ్యన కాకుండా, వదులయ్యే స్పోకుల పక్కకు జరిపిన రిమ్ గీసింది. అది ఆమె సొంతంగా చేసిన తొలి డిజైన్. పరీక్ష నెగ్గితే కొత్త బైక్‌కి అదే వెళ్తుంది. లేకపోతే పాత రిమ్‌తోనే బైక్ బయటికొస్తుంది, ఆమె డిజైన్ బీరువాలోకి పోతుంది. మర్నాడు ఉదయం ఆర్డర్ పంపాలని హెలెన్ ముందే చెప్పేసింది.

మా పరీక్ష మొరటుది. చెక్క దిమ్మెలు బిగించిన పెద్ద డ్రమ్ము మీద చక్రాన్ని పరుగెత్తిస్తూ మధ్యమధ్య బ్రేకు పట్టిస్తాం. తరవాత స్పోకుల బిగువు మీటర్‌తో కొలుస్తాం. వెనక చక్రం పాత రిమ్ కంటే ఎంతో మెరుగ్గా నిలిచింది. ముందు చక్రం పాతదాని కంటే అధ్వాన్నం. కుడి స్పోకులు వేలితో మీటితే బిగువు తీసిన తంబురా తీగల్లా పలికాయి.

హెలెన్ రెండుసార్లు కొలిపించింది. ఫలితం మారలేదు. పాత రిమ్‌కే ఆర్డర్ ఇద్దామని చెప్పి కుర్చీ వెనక్కి జరిపింది. మాధవి పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చుంది.

ప్రసాద్‌ది వరంగల్. గది బరువెక్కితే ఊరుకోలేడు. "రిమ్ పోతే పోయె, ఒక్క ఫొటో అన్న తీస్కోనియ్యిర్రి అన్నా" అంటూ రెండు చక్రాలూ బిగించిన బైక్‌ని కిటికీ దగ్గరికి నడిపించాడు. సైకిల్ ఫొటో ఎప్పుడూ కుడివైపు నుంచే తీస్తారు. గేర్లు కనపడాలి కదా. నాలుగు ఫొటోలు తీసి ఫోన్ మాధవి ముందు పెట్టాడు.

"చూడు మాధవీ, ఎంత మంచిగ పడ్డదో! రెండు చక్రాల మీద పేరు సాఫ్ కనిపిస్తుంది."

మాధవి ఫోన్ అందుకుని చూసి, "రెండింటి మీదా?" అంది.

"ఆ, రెండింటి మీద. గందుకేగా నచ్చింది."

"అలా కనిపించకూడదు ప్రసాద్ గారూ! మూర్తి గారూ, ఒకసారి ఇటు రండి."

శాంపిల్ రిమ్‌కి కంపెనీ పేరు ఒక పక్కనే అచ్చువేశారు. ముందుకీ వెనక్కీ రిమ్ ఒకటే. కానీ వెనక రంధ్రాల వరస ఎడమకి ఉండాలి, ముందు కుడికి. అంటే ముందు చక్రంలో రిమ్ తిరగేసి బిగించాలి, పేరు ఎడమవైపుకి పోవాలి. రిమ్ ఎటు తిప్పి బిగించాలో చూపిస్తూ డ్రాయింగ్‌లో బాణం గుర్తు ఉంది. అయితే చక్రాలు అల్లేవాళ్లకి అంతకంటే పాత ఆచారం ఒకటుంది: రిమ్ మీది పేరు బండి కుడివైపు నుంచి చదవడానికి వీలుగా ఉండాలి. అది చక్కటి పనికి గుర్తు. వాల్టర్ కొన్ని వేల చక్రాలు అలాగే అల్లాడు. ఈ రెండూ అంతే శుభ్రంగా అల్లాడు. దాంతో ముందు చక్రంలో విరుగుడు కాస్తా రోగాన్ని పెంచింది.

వాల్టర్ చక్రం ఒళ్లో పెట్టుకుని కాసేపు తిప్పి చూశాడు. బాణం చూశాననీ, తన చేతులు మాత్రం చూడలేదనీ చెప్పి, మమ్మల్ని నవ్వనిచ్చి, ఆప్రాన్ కట్టుకున్నాడు. సాయంత్రానికి చక్రం విప్పి, రిమ్ తిప్పి, మళ్లీ అల్లేశాడు. రాత్రంతా డ్రమ్ము తిరిగేలా పెట్టి ఇళ్లకు వెళ్లాం.

ఆ రోజు నుంచి మా ల్యాబ్‌లో ఒక నియమం పెట్టాను. ఫలితం చెడ్డదైతే వస్తువుని తీసిపారేసే ముందు దాన్ని బిగించిన తీరు చూడాలి. బిగించినవాడు ఎంత పనిమంతుడైతే అంత జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే కొత్తవాడు డ్రాయింగ్ చూసి చేస్తాడు, పనిమంతుడు అలవాటు కొద్దీ చేస్తాడు.

మర్నాడు ఉదయం మీటర్ నేనే పట్టుకున్నాను. ముందు చక్రంలో రెండు వైపుల బిగువూ దాదాపు ఒక్కటిగా ఉంది. హెలెన్ మళ్లీ రెండుసార్లు కొలిపించి, కొత్త రిమ్‌కి ఆర్డర్ పంపించింది. ప్రసాద్ ఫోన్ తీసుకుని కిటికీ దగ్గరికి పోయి, వెంటనే తిరిగొచ్చాడు.

"ఏంది మాధవీ, ముందు చక్రం మీద పేరే లేకపాయె!"

"అటుపక్కకి వెళ్లి చదువుకోండి" అంది మాధవి.