మూతకు పెట్టని చిల్లు

ఎన్నో ఊళ్లు తిరిగి ఎందరో మెకానిక్కులను చూశాను గాని, ముంబై కామాటిపురా గల్లీలోని బాలనర్సయ్యలా భయపడేవాడు ఎక్కడా తగల్లేదు. ఏ బండి బాగుచేసినా వెనక టైరును అరచేత్తో నిమిరి, నూనె తడి అంటలేదని చూసుకున్నాకే తాళంచెవి ఇస్తాడు. టైరుకు నూనె తగిలితే బండి జారి మనిషి మిగలడంటాడు. మొన్న కూతురు మనాలి బండికి, ఇంజన్ ఆవిరి వదిలే పైపును ఎయిర్ ఫిల్టర్ నుంచి తప్పించి, ఆవిరితో వచ్చే నూనె పట్టడానికి చిన్న డబ్బాలోకి మళ్లించాడు. ఆమె పార్సిళ్లు పంచడానికి వెళ్లిపోయాక, బల్లమీద వాడకుండా మిగిలిన డ్రిల్లు చూసి గతుక్కుమన్నాడు. డబ్బా మూతకు గాలి పోయే చిల్లు పెట్టలేదు! ఆవిరికి దారి లేకపోతే ఇంజన్ సీలును తోసుకొని నూనె టైరు మీదికే చిమ్ముతుంది. పిల్ల ఫోన్ ఎత్తలేదు. చెప్పుల్లేకుండా గ్రాంట్ రోడ్ వైపు పరుగెత్తాడు. సిగ్నల్ దగ్గర ఆగి ఉంది బండి. మూత తిప్పగానే డబ్బా బుస్సుమంది.

"బాపూ, పాగల్ అయినవా ఏంది? జనం చూస్తున్రు!"

"చూడనియ్యి బిడ్డా. దిగు."

టైరు నిమిరాడు. పొడిగానే ఉంది. పచ్చదీపం పడింది, వెనక హారన్లు మోగాయి.

"పొడిగుంది గద బాపూ, ఇగ వదులు!"

అతని చెయ్యి మాత్రం టైరు మీదనుంచి రాలేదు.