జవాబు చెప్పింది ఎవరు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో నిజామాబాద్‌లోని ఒక ప్రైవేటు మానసిక వైద్యశాలలో నన్ను కెటమిన్ గదికి ఇన్‌చార్జి సిస్టర్‌గా వేశారు. మా ఆయన పోయి అప్పటికి మూడు నెలలు. పని ఎక్కువున్న చోటు కావాలని నేనే అడిగాను.

కెటమిన్ మత్తుమందు. మామూలు మాత్రలకు లొంగని డిప్రెషన్‌కు దాన్ని చిన్న మోతాదులో సెలైన్‌తో నలభై నిమిషాలు ఎక్కిస్తారు. బీపీ చూడటం అందరికీ గుర్తుంటుంది, మూత్రాశయం గుర్తుండదు. మందు పదేపదే పడితే కొందరిలో మూత్రాశయం లోపలి పొర దెబ్బతినవచ్చు. అందుకే ప్రతి డోసుకు ముందు రోగిని అడిగి ఫారం నింపాలి: మూత్ర సమస్యలు ఉన్నాయా, లేవా?

గంగామణిది బోధన్. బీడీలు చుడుతుంది. అంతకుముందు రెండుసార్లు ప్రాణం తీసుకోబోయింది. మూడో డోసు తర్వాత ఆమె మళ్లీ పొయ్యి ముట్టించి వంట చేసిందని చెబుతూ భర్త పోశెట్టి ఏడ్చాడు. అతను చెరుకు లారీ డ్రైవర్. మేం ఫారం చదివితే జవాబు అతనే చెప్పేవాడు.

"అంతా మంచిగనే ఉంది మేడం, రాసుకోండ్రి."

రాసుకున్నాం.

ఎనిమిదో డోసు రోజు మూత్ర పరీక్షకని సీసా ఇస్తే అడుగు తడిసేంత తెచ్చింది. ముదురు రంగు. ఇంకొంచెం కావాలన్నాను.

"గంతే వస్తది సిస్టర్."

పోశెట్టిని బిల్లు చీటీ తెమ్మని కిందికి పంపి, మంట ఉందా అని అడిగాను.

"నెల అయితుంది. గడియకోపారి లేస్తున్న."

"మీ ఆయన ఏమీ లేదంటున్నాడే!"

"ఆయినకేమెరుక? లారీల డీజిల్ ఎంతుందో అడుగుండ్రి, చెప్తడు."

నువ్వెందుకు చెప్పలేదన్నాను.

"చెప్తే సూది బంద్ చేస్తరు గద. మల్ల గా దినాలు నాకొద్దు."

నీళ్ల సంగతి అడిగితే ఇంకో ముడి విప్పింది. బీడీ ఆకుల చాట ఒళ్లో పెట్టుకుంటే వెయ్యి బీడీలు అయ్యేదాకా వాళ్ల వాడలో ఎవరూ నీళ్లు ముట్టరట. తాగితే లేవాల్సి వస్తుంది. ఇన్నేళ్లు ఈ జిల్లాలో పనిచేసి ఆ మాట నేనెప్పుడూ అడగలేదు.

డాక్టర్ ఆనాటి డోసు ఆపారు. పాత ఫారాలు ఏడూ తిప్పారు. అన్నింటిలో 'లేవు', కింద నా సంతకం. ఇవి ఎవరు చెప్పారని అడిగారు. ఆమె భర్త అని చెప్పాను.

పరీక్షలో ఇన్ఫెక్షన్ కనిపించలేదు. కారణం మందా, ఏళ్ల తరబడి దాహమా, రెండూనా అన్నది తేల్చలేమని మూత్ర వ్యాధుల డాక్టర్ అన్నారు. ఆరు వారాలు కెటమిన్ ఆపి, మాత్రలు మార్చారు. ఆ ఆరు వారాలు పోశెట్టి లారీ ఎక్కలేదు, ఆమెను కనిపెట్టుకుని ఇంట్లోనే ఉన్నాడు. ఆమె నీళ్లు తాగింది. మంట తగ్గింది. తర్వాత ఎక్కువ ఎడంతో డోసులు మళ్లీ మొదలుపెట్టారు.

ఫారంలో ఒక గడి పెంచమని యాజమాన్యాన్ని అడిగాను. ఈసారి అచ్చులో చేరుస్తామన్నారు. నేను రిటైరయ్యేదాకా ఆ అచ్చు రాలేదు. ప్రతి ఫారం మీద స్కేలు పెట్టి నేనే గీసి రాసేదాన్ని: 'జవాబు చెప్పింది ఎవరు?'

రోగిని ఒంటరిగా అడగాలి. ఉన్నాయా లేవా అని కాదు, ఎన్నిసార్లు లేస్తున్నావు, మంట ఉందా, ఎరుపు కనిపించిందా అని అడగాలి. అంతకంటే ముందు, చెబితే సూది ఆగవచ్చు గానీ వైద్యం ఆగదని చెప్పాలి. ఈ చివరి మాట ఏ ఫారంలోనూ లేదు.