ఖాళీ గడులు ఉంచరాదు

జిల్లా ప్రజారోగ్య నర్సింగ్ అధికారిగా నేను రిటైరయ్యే ముందు ఏడాది, ఎండలు ముదిరిన ఒక శనివారం ఉదయం, మెట్‌పల్లి దాటాక రోడ్డు పక్కనే ఉన్న ఒక వృద్ధుల నర్సింగ్ హోం తనిఖీకి వెళ్లాను. పదవి పేరు పొడుగ్గా ఉన్నా పని చిన్నదే. నర్సులు చేయాల్సింది చేస్తున్నారో లేదో చూడాలి, చేయకపోతే రాయాలి. రాయడంలో నాకు మంచి పేరుండేది. మేడం వస్తే ఒక్క చుక్క కూడా వదలదనేవారు. చాలాకాలం దాన్ని పొగడ్తగానే తీసుకున్నాను.

ఆ హోంలో ముప్పై మంచాలు. లేవలేని ముసలివాళ్లూ, లేచి తిరుగుతున్నా వేళకు ఎవరో ఒకరు మందులివ్వాల్సినవాళ్లూ ఉంటారు. ఏడాదికోసారి ముగ్గురం వెళ్లేవాళ్లం. మా పై అధికారి అయిన డాక్టరు గారు, అగ్నిమాపక శాఖ నుంచి ఒకాయన, నేను. తనిఖీ ఆకస్మికం అని ఆర్డరులో ఉంటుంది. మేం దిగేసరికి గేటు ముందు ముగ్గు ఇంకా ఆరలేదు, కొత్త దుప్పట్లకు షాపు మడతలు పోలేదు, ఫినాయిల్ ఘాటుకు కళ్లు మండాయి. గుమ్మంలో మేనేజర్ మల్లేశం మూడు కొబ్బరి బోండాలతో నిలబడి ఉన్నాడు. ఆకస్మికంగా వచ్చేవాళ్లు ముగ్గురని ఆయనకెట్లా తెలుసో మేం అడగలేదు. తనిఖీకి వెళ్లినచోట ఏమీ ముట్టకూడదని నియమం. ఫైర్ ఆయన తాగాడు.

మంటలార్పే సిలిండర్ల గడువు, ఆక్సిజన్, మందుల తేదీలు, బాత్రూముల్లో పట్టుకోవడానికి బిగించిన కమ్మీలు, లేవలేనివాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పినట్టు రాసిన చార్టు, అన్నీ చూశాం. వేలు పెట్టడానికి సందు దొరకలేదు. నాకు కొంచెం నిరాశగానే అనిపించింది.

చివరికి పడిపోయినవాళ్ల రిజిస్టరు తీశాను. ఎవరు, ఎక్కడ, ఎన్నింటికి పడ్డారో, ఏం చేశారో అందులో రాయాలి. రాజవ్వ అనే పేరు ఆ ఏడాదిలో ఐదుసార్లు కనిపించింది. డెబ్బై దాటిన మనిషి. భర్త బొగ్గుబాయిలో పనిచేసి పోయాడు, పిల్లల్లేరు, చెల్లెలి కొడుకు తెచ్చి చేర్పించాడు. చక్కెర జబ్బుంది, పొద్దున ఇన్సులిన్ సూది ఇస్తారు. పడ్డ ప్రతిసారీ 'చక్కెర వేసిన చాయ్ ఇవ్వగా తేరుకున్నది' అని రాసి, కింద సంతకం పెట్టారు. నేను సంతకాలు సరిగా ఉన్నాయా అని చూశాను. ఉన్నాయి.

మూడుసార్లకు మించి పడ్డవాళ్లను గ్రిల్ మంచానికి మార్చమని సిఫారసు చేయడం మా పద్ధతి. రెండు పక్కలా ఇనుప కటకటాలుంటాయి. అందులో మనిషి పడదు. లేవదు కూడా. డైపర్ కడతారు. కొన్ని నెలలకు కాళ్లు నడక మరిచిపోతాయని నర్సులందరికీ తెలుసు. తెలిసే రాస్తాం, ఎందుకంటే పడి తుంటి విరిగితే ఎందుకు రాయలేదని మమ్మల్నే అడుగుతారు. నేను రాశాను. డాక్టరు గారు పక్కన పొట్టి సంతకం పెట్టారు.

మంచాల దగ్గరికి వెళ్లేసరికి ఆ కబురు మాకంటే ముందే చేరింది. రాజవ్వ మంచం అంచున కూర్చుని ఉంది. సన్నటి మనిషి, చేతిలో కర్ర కూడా లేదు.

"బిడ్డా, నన్ను బోన్ల ఏస్తరట గద?" అని అడిగింది.

మీ క్షేమం కోసమే అవ్వా, అన్నాను. ఈ మాట ఉద్యోగంలో ఎన్ని వందలసార్లు అన్నానో లెక్క లేదు.

"నా కాళ్లు మంచిగనే ఉన్నయి. ఒక్కోపారి కండ్లు తిరుగుతున్నయి, గంతే. ఒంటికి, రెంటికి నా అంతట నేనే పోత. గదొక్కటి తీసెయ్యకు బిడ్డా."

నిబంధనలు చెప్పబోయి ఆమె మొహం చూశాను. తల మీద ఫ్యాను తిరుగుతోంది, పై పెదవి మీద చెమట. కొంగు పట్టుకున్న వేళ్లు వణుకుతున్నాయి. నా సంచీలో చక్కెర చూసే మిషను ఎప్పుడూ ఉండేది. వేలు పొడిచి చూస్తే నలభై ఆరు. డెబ్బైకి తగ్గితేనే కంగారు పడాలి. చక్కెర నీళ్లు తాగించి, చేయి పట్టుకుని పక్కనే కూర్చున్నాను. టైం పదిన్నర దాటింది.

ఇన్సులిన్ పొడిచాక అరగంటలో తినాలి. తినకపోతే రక్తంలో చక్కెర పడిపోయి, మనిషి చెమటలు పట్టి తూలిపోతుంది. ఎవరూ చూసుకోకపోతే మళ్లీ లేవదు. ఆహార రిజిస్టరు తెప్పించాను. ఆ పొద్దున రాజవ్వ గడిలో టిక్కు ఉంది, అంటే టిఫిన్ తిన్నట్టు. ఆ వార్డు ఆయా సరోజనను పిలిచి, నిజంగా తిన్నదా అని అడిగాను.

"తినలే మేడం. శనివారం గద, అవ్వకు ఒక్కపొద్దు" అంది. అడిగితే చెప్పకుండా ఎట్లా ఉంటాను అన్నట్టు నిలబడింది.

కొండగట్టు అంజన్న పేరున పగలంతా ఉపవాసముండి, పొద్దుగూకాక ఒక్కపూట తినడాన్ని ఒక్కపొద్దు అంటారు. మా అవ్వ చేసేది. నేనూ పెళ్లయిన కొత్తలో చేశాను. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఏ తనిఖీ పత్రంలోనూ ఆ ప్రశ్న నేను చూడలేదు, పెట్టమని అడగనూ లేదు.

మరి టిక్కు ఎందుకు పెట్టావని గద్దించాను. నిజం చెప్పాలంటే నాకు ఒళ్లు మండింది.

"గడి ఖాళీ ఉంచొద్దని మీరే రాసిపోయిండ్రట గద మేడం. ఖాళీ ఉంటే మల్లేశం సారు పరేషాన్ అయితుండు. అందుకే పొద్దుగాల్నే అందరికీ ఏసేస్త."

మల్లేశం ఫైలు తెచ్చాడు. పాపం, తనకు మంచి మార్కులొస్తాయనే తెచ్చాడు. కిందటేడు తనిఖీ నివేదికలో నా దస్తూరీ. 'ఆహార రిజిస్టరులో ఖాళీ గడులు ఉన్నవి. ఇకపై ఖాళీ గడులు ఉంచరాదు.' దాని కింద ఆయన అక్షరాల్లో, 'అమలు చేయడమైనది.'

అంతకు ముందటి రిజిస్టరు కూడా తెప్పించాను. రాజవ్వ పేరు ఎదుట ప్రతి శనివారం గడి ఖాళీ. వరసగా ఆ ఖాళీలు చూసి అప్పటి నర్సు శనివారం పొద్దున సూది ఆపి, హోం చూసే డాక్టరుకు ఫోన్ చేసేదట. నేను రాసిపోయిన నెలలోనే ఆ అమ్మాయి పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. కొత్తగా వచ్చిన పిల్లకు రిజిస్టరే దిక్కు. రిజిస్టరులో రాజవ్వ ఏనాడూ పూట తప్పలేదు. గోడకున్న క్యాలెండరు దింపి ఆమె పడ్డ తేదీలు చూశాను. ఐదూ శనివారాలే, ఐదూ పదికీ పదకొండుకీ మధ్యే. పడగానే చక్కెర చాయ్ పోయడంతో తేరుకునేది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. అంతా చూశాక నాకు సిగ్గేసింది. ఆయా మీద కేకలేసినందుకు ఇంకాస్త సిగ్గేసింది. సరోజనకు ఆ మాట చెప్పాను. ఆమె, చాయ్ తాగుతారా మేడం అని అడిగింది.

డాక్టరు గారు రాజవ్వను ఉపవాసం మానేయమన్నారు.

"సూది మానేస్త గని ఒక్కపొద్దు ఇడువ సారూ."

ఒక్కపొద్దులో ఏం నడుస్తుంది అవ్వా అని నేనడిగాను.

"పాలు, పండు నడుస్తయి. గిక్కడ పొద్దుగాల ఇడ్లీ పెడ్తరు. పాలు తాగుతవా అని నన్నెవలడిగిండ్రు?"

పది నిమిషాల్లో తేలిపోయింది. శనివారం సూది మోతాదు డాక్టరు గారు తగ్గించి రాశారు. వేళకు పాలు, పండు ఇవ్వాలి, పదింటికి వేలు పొడిచి చూడాలి. గ్రిల్ మంచం సిఫారసును నేను అడ్డంగా కొట్టేసి, కారణం రాశాను. ఈ మనిషి పడటానికి మూలం కిందటేడు నేను రాసిన రిమార్కేనని రాశాను. ఇది కూడా రికార్డులోకి ఎక్కించాలా మేడం, నోటితో చెప్తే చాలదా అన్నారు డాక్టరు గారు, నా మేలు కోరే. నోటితో చెప్పినదాన్ని ఎవరూ అమలు చేయరండీ, అన్నాను. ఆయన మళ్లీ పొట్టి సంతకం పెట్టారు.

రిటైరయ్యే ముందు ఇంకోసారి ఆ హోంకు వెళ్లాను. ఆకస్మిక తనిఖీయే. మళ్లీ బోండాలు. ఆహార రిజిస్టరులో శనివారాలు రాజవ్వ గడిలో టిక్కు లేదు, 'ఒక్కపొద్దు, పాలు తాగింది' అని సరోజన వంకర అక్షరాలు. పడిపోయినవాళ్ల రిజిస్టరులో ఆమె పేరు లేదు. నేను లెక్కలు చూస్తుంటే రాజవ్వ వరండా పొడుగునా నడిచి వచ్చి, ఎదుటి కుర్చీలో కూర్చుని, ఈసారి ఎవరిని బోనులో వేయడానికి వచ్చావని అడిగింది.

ఆ సంగతి తర్వాత నా తనిఖీ పద్ధతి ఒక్కచోట మారింది. ఖాళీ గడి కనిపిస్తే ఎందుకు ఖాళీగా ఉందో అడిగి, జవాబు పక్కన రాయించేదాన్ని. ఒక్క ఖాళీ కూడా లేని రిజిస్టరు చేతికిస్తే దాన్ని మూసి పక్కన పెట్టి, ముందు ఆయాను పిలిపించేదాన్ని.