మంచికాలు ముందు

మా ఊళ్ళో ఆదివారం పొద్దున పూజ, మధ్యాహ్నం బేస్‌బాల్. ఆట మొదలయ్యేలోపు సగం జట్టు, మేమంతా గౌరవంగా దోన్యా అని పిలిచే ఎవుదోసియా అరుగు మీదే ఉంటుంది. బంతి విసిరి పట్టేసిన భుజాలూ, పరుగులో బెణికిన మడమలూ ఆమె వేళ్ళకు తెలుసు. కోడికొవ్వు కరగబెట్టి, మరియ తల్లిని తలచుకుని, నొప్పిలేని వైపునే ముందు తడుముతుంది. "బాగున్నదేదో తెలిస్తేనే కదా, బాగోలేనిది తెలిసేది" అంటుంది. నేను పక్కింటిదాన్ని. మర్దనకు ఎవరైనా గుడ్లు తెచ్చిస్తే సగం నా గడప మీద పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోతుంది.

ఆ శనివారం మధ్యాహ్నం ఎరాస్మో కుంటుకుంటూ వచ్చాడు. ఆమె వాడికి జ్ఞానతల్లి. బాప్తిస్మంనాడు వాణ్ణి ఎత్తుకున్న చేతులవి. మా జట్టులో బంతి విసిరేది వాడే. మర్నాడే చివరి ఆట. పదిరోజుల కిందట పిక్కకు బంతి తగిలితే, గుడ్డ బిగించి కట్టుకుని మంచం మీదే ఉన్నాడు. వెంట జట్టు నాయకుడు ఫౌస్టినో.

"అమ్మా, గట్టిగా నాలుగు రుద్దులు రుద్దు. రేపు నిలబడితే చాలు."

"కాస్త కొవ్వు ఎక్కువే పట్టించండి దోన్యా," ఫౌస్టినో నవ్వాడు, "ఇంటికెళ్తే ఎలాగూ వీణ్ణి పెళ్ళాం వేపుకు తింటుంది."

ఆమె కూడా నవ్వుతూనే మంచికాలు తడిమింది. తర్వాత రెండోది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. పెదవుల మీద జపం కూడా ఆగింది.

నడుముకు కట్టుకున్న గుడ్డ తాడు విప్పి మంచి పిక్కకు చుట్టి, కొసలు కలిసేచోట ముడి గుర్తు పెట్టుకుంది. అదే తాడు రెండో పిక్కకు చుట్టింది. కొసలు ఆ గుర్తుకు మూడువేళ్ళ దూరంలోనే ఆగిపోయాయి.

"ఆయాసం వస్తోందా నాయనా?"

"గట్టెక్కేటప్పుడు కొంచెం. మంచంలో పడుంటే రాదా ఏంటి?"

ఆమె కొవ్వు గిన్నె దూరంగా నెట్టేసింది.

"నేను రుద్దను. ఎవరూ రుద్దకూడదు. పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇప్పుడే."

"పిక్కనొప్పికి ఆసుపత్రా!" ఫౌస్టినో గొంతు పెరిగింది. "చేతివాసి పోయిందని చెప్పొచ్చుగా? పదరా, కిందివీధి రుఫీనా రుద్దుతుంది."

ఎరాస్మో లేచాడు. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది. అంత మెత్తని మనిషి అరవడం అప్పుడే మొదటిసారి విన్నాను.

"రుఫీనా రుద్దితే వీడు చస్తాడు! నా బెనిగ్నోను నేనే రుద్దాను!"

గుమ్మంలోనే నిలబడి అప్పుడు చెప్పింది.

బెనిగ్నో ఆమె భర్త. పోయి పంతొమ్మిదేళ్ళు. గుండె ఆగి పోయాడనే అందరం అనుకున్నాం. వాపెక్కి వేడిగా ఉన్న ఆయన పిక్కను, మంచికాలు ముట్టుకోకుండానే, భర్తే కదా అని గబగబా రుద్దిందట. "హాయిగా ఉందే" అని లేచి సగం కాఫీ తాగి, రొమ్ము పట్టుకుని పడిపోయాడట. కాలిలో గడ్డకట్టిన నెత్తురు రుద్దితే పైకి పోయి ఊపిరితిత్తులకు అడ్డుపడుతుందని తర్వాతెప్పుడో ఒక నర్సమ్మ చెప్పిందట. అంతకాలం ఆ మాట ఆమె కడుపులోనే దాచుకుంది. గుడ్లు పంచుకున్న నాకు కూడా చెప్పలేదు.

ఎరాస్మో మెల్లగా కూర్చున్నాడు. ఫౌస్టినో టోపీ తీసి, పాలబండి కోసం పరుగెత్తాడు.

బండిలో పరుపు వేసి పడుకోబెట్టాం. నేనూ ఎక్కాను. గుంత వచ్చినప్పుడల్లా ఆమె "తల్లీ, తల్లీ" అంటూ వాడి చెయ్యి పట్టుకునేది. కాలు మాత్రం ముట్టుకోలేదు. వాగు దాటేటప్పుడు వాడికి ఊపిరి ఎగిసింది. "అమ్మా, చచ్చిపోతానా?" అన్నాడు. ఆమె వాడి నుదుటిమీద సిలువ గుర్తు వేసింది.

ఆసుపత్రిలో డాక్టరు కాలు చూస్తూనే అడిగాడు: "దీన్ని ఎవరైనా రుద్దారా?"

"లేదయ్యా."

"బతికించారు," అని వాణ్ణి లోపలికి తోయించాడు.

ఆటలో ఏడు పరుగుల తేడాతో ఓడాం. ఎరాస్మో పదకొండో రోజున మందుల సంచితో ఇంటికొచ్చాడు.

ఆ తర్వాతి ఆదివారం ఫౌస్టినో పట్టేసిన భుజంతో అరుగెక్కాడు. చొక్కా జార్చి, బాగున్న భుజం ముందుకు చాపాడు. ఆమె దాన్ని తడిమింది. రెండో భుజం మీద చెయ్యి వేయడానికి మాత్రం చాలాసేపు పట్టింది.